దున్న తన్ను, దిండు దెబ్బ

ఊరి బయట గుట్ట కింద ఉన్న రైఫిల్ క్లబ్బులో ఒక పెద్ద తుపాకి ఉంది. తయారుచేసినవాళ్లు దానికేదో పేరు పెట్టే ఉంటారు గానీ, ఆ పేరు గుర్తున్న మనిషి క్లబ్బులో లేడు. అందరూ దాన్ని 'దున్న' అంటారు. మూడు వందల మీటర్ల అవతల నిలబెట్టిన అట్టకు తూటా ఎక్కడ తగులుతుందో చెప్పలేం గానీ, ఇవతల కాల్చినవాడి భుజాన్ని మాత్రం అది ఒక్కసారి కూడా గురి తప్పకుండా తన్నుతుంది. దాన్ని కాల్చినవాళ్లు ఆ పూట ఎడమచేత్తో అన్నం తిన్నారనీ, తలకాయ ఇంకొకరి చేత దువ్వించుకున్నారనీ చెప్పుకుంటారు. దువ్వెన సంగతి కొంత అబద్ధం. అన్నం సంగతి మాత్రం నిజమే.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి కోడలు సుహాసిని ఆ వారమంతా ఎడమచేత్తోనే తింటోంది.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు ఆమె చిన్న రైఫిల్‌తో పతకాలు కొట్టింది. పెళ్లయ్యాక ఆ పతకాలు పెట్టె అడుగున పట్టుచీరల కింద పడుకున్నాయి. చీరలకు ఎండ తగిలించాలని పెట్టె తీసిన అత్త యాదవ్వ చేతికి ఒకరోజు అవి తగిలాయి. ఇంకొక అత్తయితే మూతి తిప్పుకుని మళ్లీ లోపల పెట్టేదేమో. యాదవ్వ వాటిని మెడలో వేసుకుని వాడకట్టంతా తిరిగి వచ్చింది. "ఇంత విద్య చేతిలవెట్టుకొని చీరల కింద దాస్తవా? లెవ్, నడువ్!" అని కోడల్ని తానే ఆటో ఎక్కించి క్లబ్బుకు తీసుకుపోయింది. లారీ మీద నాగ్‌పూర్ పోయిన కొడుకు మల్లికార్జున్‌కు ఈ సంగతి తర్వాత ఫోనులో తెలిసింది. "మంచిది" అన్నాడు. తల్లి నిర్ణయించేశాక అతను ఇంకేమన్నా ఎవరు వింటారు?

చిన్న రైఫిల్‌తో సుహాసిని క్లబ్బు మొత్తానికీ పెద్ద. అయితే రాష్ట్ర పోటీలకు చిన్న రైఫిల్ జట్టు ఎప్పుడో నిండిపోయింది. మిగిలింది మూడు వందల మీటర్ల పందెం, అందులో జిల్లా నుంచి ఒక్కరికే చోటు. నెలాఖరు ఆదివారం నాడు ఎంపిక. ఆ దూరానికి పనికొచ్చే తుపాకి క్లబ్బులో దున్న ఒక్కటే. ఆ ఒక్క చోటు కోసం సుహాసిని రోజూ కలలో కూడా గురిపెడుతోంది. పెళ్లితో వదిలేసుకున్నదాన్ని మళ్లీ చేతబట్టుకునే సందు ఆమెకు అదొక్కటే కనిపించింది. యాదవ్వకైతే ఎంపిక అయిపోయినట్టే. "మా కోడలు హైదరాబాద్ పోతాంది, బందూకు పేల్చెటందుకు" అని కూరగాయలమ్మే ఆమెకు కూడా చెప్పేసింది.

తంటా ఏమిటంటే, దున్న చేతికొచ్చిన దగ్గర్నుంచి సుహాసిని తూటాలు అట్టను వెతుక్కుంటూ ఎటెటో పోతున్నాయి.

"భుజం నొస్తాంది, అందుకే గురి తప్పుతాంది" అని యాదవ్వ తీర్పు చెప్పింది. ఎనుమాముల మార్కెట్ నుంచి శుభ్రమైన దూది తెప్పించి, పాత జంపఖానా ముక్కలో కూరి, కోడలి భుజానికి ఒక మెత్త కుట్టింది. మెత్త అనడం దాని గౌరవం తగ్గించడమే. పెళ్లిళ్లలో వియ్యంకుడి వీపు కింద వేసేంత ఉంది.

దాన్ని భుజాన కట్టుకుని సుహాసిని క్లబ్బులో నేల మీద బోర్లా పడుకుంది. మెత్త మందం ఎంతంటే, తుపాకి ముందుకు జరిగిపోయి దాని మీది దుర్భిణి కంటికి అందలేదు. అద్దంలోంచి చూస్తే చుట్టూ నల్లటి చీకటి, మధ్యలో ఆవగింజంత వెలుతురు. మెడ కొంగలా సాచి సాచి కాల్చింది. తూటా గుట్టకు తగిలి దుమ్ము లేచింది.

తుపాకులు నేర్పే ఖాజా మొహినుద్దీన్ గడ్డం నిమురుకున్నాడు. పోలీసు ఆయుధాగారంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తుపాకి విప్పడం, బిగించడం, అబద్ధమాడడం, మూడింటిలోనూ అతనిది బంగారు చెయ్యి.

"యాదక్కా, ఇదేం ప్యాడు? నీ కోడలు కాల్చాల్నా, పండుకోవాల్నా?"

"పిల్ల భుజం నల్లగయింది ఖాజన్నా! నీ దున్నకు జర ముకుతాడెయ్యరాదు?"

"గిదొక తన్నా! ఏటూరునాగారం అడవిల మా సాబ్ దగ్గర ఒక బందూకు ఉండె. దాని తన్ను ముంగట ఈ దున్న దూడ. ఒకనాడు డ్యూటీ అయిపోయింది, బస్సు లేదు. నేనేం చేసిన్నో ఎరుకేనా? పరకాల దిక్కు వీపు పెట్టి ఘోడా గుంజిన. సీదా పోయి మా ఇంటి ముంగట పడ్డ. మా ఇంటామె ఇమాంబీ అప్పుడే చాయ్ పోస్తాంది. కప్పు నా చేతిలకొచ్చింది. ఒక్క బొట్టు ఒలకలే."

"మరి మల్ల డ్యూటీకెట్ల పోయినవ్ కాకా?" అన్నాడు పక్కనే పడుకుని గురిచూస్తున్న విజయ్‌కుమార్.

"బందూకు నా చేతిలనే ఉండె గద. పొద్దుగాల అడవి దిక్కు వీపు పెట్టిన."

విజయ్‌కుమార్ నవ్వుకు నేల అదిరింది. మిర్చి అడ్తి నడిపేవాళ్ల కొడుకతను. బస్తాలు మోసి మోసి భుజాలు ధాన్యం గుమ్ములంత అయ్యాయి. మల్లికార్జున్‌కు దోస్తు కాబట్టి సుహాసినిని వదినా అంటాడు. ఆ ఒక్క చోటుకు ఆమెకున్న పోటీ కూడా అతనే.

"వదినా, దున్నకు దున్నపోతసుంటోడే కావాలె. నీకు చిన్నదే చక్కగుంటది."

"నువ్వు దున్నపోతువని నీ నోటితోనే ఒప్పుకున్నవ్, మంచిదే మరిదీ" అంది సుహాసిని. అన్నది గానీ లోపల గుబులుగానే ఉంది.

నవ్వులయ్యాక ఖాజా మెత్త విప్పించాడు. ఇంత మందం పోటీ నిబంధనలు ఒప్పుకోవన్నాడు. ఈసారి తూటా తానే పెడతానని తుపాకి తీసుకుని, అటు తిరిగి ఏదో చేసి, ఆమె చేతికిచ్చాడు. సుహాసిని ఊపిరి బిగబట్టి, కన్ను ఆనించి, ట్రిగ్గర్ నొక్కింది.

టక్.

పేలలేదు. లోపల ఉన్నది మందు లేని ఉత్త తూటా. తన్ను రాలేదు, పేలుడు చప్పుడు రాలేదు. అయినా తుపాకి మూతి కుడితిలో తలపెట్టిన దున్నలా గభాలున కిందికి పోయింది. సుహాసిని కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు కరచుకుని, భుజాన్ని ఎవరినో నెట్టేస్తున్నట్టు ముందుకు తోసి ఉంది. ఒక క్షణం తర్వాత కళ్లు తెరిచి చూస్తే అందరూ తననే చూస్తున్నారు.

"వదినా, పేలకుండనే తన్నిచ్చుకున్నవ్!" అని విజయ్‌కుమార్ పొట్ట పట్టుకున్నాడు.

ఖాజా నవ్వలేదు. ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. "బిడ్డా, దున్న నిన్ను తన్నేది కాల్చినంక. నువ్వు దాన్ని తన్నేది కాల్చకముందే. దగ్గర అట్టకైతే గోరంత కదిలినా నడుస్తది. అంత దూరానికి ఈడ గోరంత కదిలితే ఆడ బారెడు. ఇంకోటి చెప్పు, ఇప్పుడు ఆ జెండా ఏ దిక్కు ఎగిరింది?"

గాలి చూపించడానికి అట్ట దగ్గర కట్టిన ఎర్ర జెండా అది. సుహాసినికి అదక్కడ ఉన్నట్టే గుర్తులేదు.

"గదే. దెబ్బ కోసం చూసే కన్ను గాలిని చూడదు. దూరం కాల్చుడంటే సగం గాలి సంగతే. రేపటి సంది నీకు దున్న బంద్."

"బందా? ఆదివారం దగ్గరికొచ్చె కాకా! పెద్దది కాల్చకుంట పెద్దదెట్ల నేర్చుకుంట?"

"కాల్చినకొద్ది నీకు వచ్చేది భయమే, నేర్పు గాదు. చిన్నది పట్టుకో. దూరం పెట్టి కాల్చు. చిన్న తూటాను గాలి గాలిపటం లెక్క ఆడిస్తది. ఆ ఆట జూడు."

ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ సుహాసిని చెవి వెనక క్లబ్బు వైపే పెట్టింది. విజయ్‌కుమార్ అక్కడ దున్నను ధనాధన్ పేలుస్తూనే ఉన్నాడు. ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది. ఒక్కొక్క చప్పుడుకూ తన చోటు కాస్త కాస్త జరిగిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. యాదవ్వ కూడా నోరు విప్పలేదు. ఆమె మాట్లాడకపోవడం చూసి ఆటోడ్రైవరే కంగారుపడి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మగ్గం మీద కూర్చున్నారు. వెడల్పాటి జంపఖానాకు ఒక్క మనిషి చాలదు. అత్త ఈ చివర, కోడలు ఆ చివర. ఈమె నూలు చుట్టిన నాడెను పడుగు మధ్యలోంచి విసిరితే ఆమె అందుకోవాలి. అందుకున్న క్షణమే ఇద్దరూ కలిసి దువ్వెనలాంటి పన్నెను గుంజి, వేసిన పోగును ధన్ మని బిగదన్నాలి. ఇద్దరి దెబ్బా ఒక్కటిగా పడకపోతే జంపఖానా ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా వస్తుంది. అందుకని పెళ్లయి వచ్చిన కోడలికి కొత్తవాడలో మొదట నేర్పేది ఈ తాళమే. దెబ్బ పడేముందే ఒళ్లు లేస్తుంది, భుజం ఎదురుపోయి దెబ్బను అందుకుంటుంది. సుహాసిని ఏడాది తిరిగేలోగా అందులో అత్తను మించిపోయింది.

యాదవ్వ నాడె విసిరింది. సగం దారిలో పోగు తెగింది. ఆమె చెయ్యి ఆపేసింది. కోడలి భుజం మాత్రం ఆగలేదు. ఒంటరిగా ముందుకు పోయి, పళ్లు బిగబట్టి, రాని దెబ్బను అందుకోబోయింది.

సుహాసిని అలాగే ఆగిపోయింది. తర్వాత "అత్తమ్మా, దొరికింది!" అని కేకపెట్టింది.

"దొరికితే ముడెయ్యి మరి."

"పోగు గాదత్తమ్మా! నేను దున్న దగ్గర పన్నె కొడ్తాన్న! చిన్న రైఫిల్‌కు తన్ను లేదు, అందుకే ఒళ్లు ఊకున్నది. దున్నకు దెబ్బ ఉన్నదని ఎరుకైనంక, దెబ్బ ఎప్పుడు పడ్తదో ముందే లెక్క కట్టుకొని ఎదురువోతాంది. నువ్వు నేర్పిందే!"

"అయితే తప్పు నాదేనా?" యాదవ్వ ముఖం చిన్నబోయింది. "ఇప్పుడెట్లనే? ఆ తాళం మర్చిపోతే జంపఖానా ఎట్ల నేస్తవ్?"

"మగ్గం కాడ మర్చిపోను. బందూకు కాడ ఒళ్లుకు తాళం దొరకొద్దు, అంతే. దెబ్బ ఎప్పుడొస్తదో తెల్వకపోతే ఎదురెట్ల పోతది?"

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో జరిగినదాన్ని కొత్తవాడ ఇంకా చెప్పుకుంటోంది. సుహాసిని జంపఖానా పరుచుకుని బోర్లా పడుకుంది. రోకలిని తుపాకిలా పట్టుకుని ఒక కొన భుజానికి ఆనించుకుంది. రెండో కొనను ముందునుంచి దిండుతో కొట్టమని అత్తకు చెప్పింది. ఎప్పుడు కొడుతుందో చెప్పకూడదు. యాదవ్వ ఒకసారి వెంటనే కొట్టేది. ఒకసారి పోపు వేసి వచ్చి కొట్టేది. ఒకసారి కొట్టబోయి ఊరుకునేది. ప్రతిసారీ సుహాసిని భుజాన్ని వదులుగా ఉంచి, కళ్లు తెరిచి, ఎదురుగా గోడ మీద బల్లిని చూస్తూ ఉండాలి. బల్లి ఎటు కదిలిందో తర్వాత చెప్పాలి.

కిటికీలోంచి ఎవరు చూశారో, ఏం చూశారో గానీ, చాయ్ వేళకు వాకిట్లో పదిమంది నిలబడ్డారు. వాడకట్టు పెద్ద గట్టయ్య కండువా సర్దుకుంటూ లోపలికి వచ్చాడు.

"యాదవ్వా, ఏం పనే ఇది? పతకాలు మెడలేసుకొని తిరిగితివి. ఇప్పుడు పిల్లను పండవెట్టి కొడ్తాన్నవట!"

"నేనే కొట్టుమన్న పెదబాపూ" అంది నేల మీదినుంచి సుహాసిని.

గట్టయ్య జనం వైపు తిరిగాడు. "ఇన్నరా? పిల్ల ఎంత భయపడ్డదో, ఎట్ల వెనకేసుకొస్తాందో!"

"భయం లేదు పెదబాపూ, ఇంకా గట్టిగ కొట్టుమంటాన్న."

"అరెరె, మతి గూడ పోయినట్టుంది."

అసలు సంగతి చెప్పేసరికి యాదవ్వ గొంతు బొంగురుపోయింది. అంతా విన్న గట్టయ్య కండువా తీసి నడుముకు చుట్టాడు. "నీ చేతిల బలం లేదు. ఇటు తే దిండు" అన్నాడు. పంచాయితీ చెప్పడానికి వచ్చిన మనిషి చీకటి పడేదాకా దిండు వదల్లేదు. ఆయన కొట్టిన చివరి దెబ్బకు దిండు పగిలి ఇల్లంతా దూది లేచింది. రోకలి మాత్రం కదల్లేదు. బల్లి ఎటు పోయిందని అడిగితే, "ఎడమదిక్కు, ట్యూబ్‌లైటు ఎనుకకు" అంది సుహాసిని.

ఆ తర్వాత క్లబ్బులో ఆమె చిన్న రైఫిల్‌తో మామూలు కంటే దూరం అట్ట పెట్టుకుని కాల్చింది. తన్నే భయం లేకపోయేసరికి కళ్లకు పని దొరికింది. జెండా ఎగిరితే తూటా ఎంత జరుగుతోందో, ఎండకు నేల మీద లేచే ఆవిరి ఎటు పారుతోందో, గడ్డి ఎప్పుడు తలవంచుతోందో ఒక్కొక్కటే కనపడసాగింది. ఎంపిక దగ్గర పడ్డాక ఖాజా మళ్లీ దున్నను చేతికిచ్చాడు. ఒక పూటకు కొద్ది తూటాలే. వాటిలో ఏది ఉత్తదో, ఏది నిజమైందో ఆయనకే ఎరుక. మొదట్లో టక్ మన్నప్పుడు మూతి కాస్త వంగేది. తర్వాత వణికేది. ఒకరోజు టక్ మంది, మూతి మీద ఈగ వాలినా లేవనంత నిమ్మళంగా ఉంది.

"షాబాష్" అన్నాడు ఖాజా. "ఇగ ఇంటికి పో. ఇంతకంటే కాల్చకు."

"వదినకు దున్న అంటే భయమైంది" అని విజయ్‌కుమార్ అందరికీ చెప్పాడు. అతను మాత్రం రోజూ దున్న భుజాన పెట్టుకుని, సొంతంగా తూటాల డబ్బాలు తెచ్చుకుని మరీ పేల్చాడు. చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది. ఖాజా ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. వినలేదు.

ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి ఎంపిక చేసే పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. యాదవ్వ చెవులకు క్లబ్బువాళ్లిచ్చిన పెద్ద పెద్ద మూతలు పెట్టుకుంది. అవి పెట్టుకుంటే తన మాట తనకే వినిపించక ఆమె అరిచి మాట్లాడింది. "భయపడకు బిడ్డా!" అన్నది గుట్ట దాకా వినపడింది.

ముందు విజయ్‌కుమార్ వంతు. మొదటి తూటాలు నల్లటి గుండ్రంలో ఒకదాని పక్కన ఒకటి చక్కగా పడ్డాయి. సుహాసిని వాటిని లెక్కపెట్టింది. ఇంక నా చోటు పోయినట్టే అనుకుంది. కాసేపటికి అతను లేచి భుజం సర్దుకుని మళ్లీ పడుకున్నాడు. తర్వాతి తూటా కిందికి దిగింది. దాని తర్వాతిది ఇంకా కిందికి. ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోతుంటేనే అతని దవడ బిగుసుకోవడం, కనురెప్ప వణకడం ఆమెకు పక్కనుంచి కనపడింది. ఆ ముఖం ఆమెకు తెలుసు. కొద్దిరోజుల కిందటిదాకా అది తన ముఖమే. ఆ నెలంతా తుపాకిని తాను కాల్చాననుకున్నాడు గానీ, అతని భుజాన్ని అదే కాల్చింది. ఎలాగో నెట్టుకొచ్చి ముగించాడు. మొదట్లో పడ్డవాటి పుణ్యాన మార్కులు తక్కువేమీ రాలేదు.

సుహాసిని పడుకుంది. ఊపిరి వదిలింది. భుజం తడిబట్టలా జారవిడిచింది. కాల్చింది. దున్న తన్నింది. తన్ననీ. రెండోది, మూడోది, ఆ పైనవి నిమ్మళంగా పోయాయి. మధ్యలో ఒకసారి వేలు నొక్కబోతూ ఆగింది. జెండా ఎటూ ఎగరడం లేదు గానీ, గుట్ట పక్కనున్న గడ్డి మాత్రం అప్పుడే తలవంచుతోంది. గాలి బయలుదేరింది, జెండా దాకా ఇంకా రాలేదు. తుపాకి దించేసింది.

"ఏమైంది? పేలలేదా?" అని యాదవ్వ అరిచింది. పెద్దమనిషి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. ఆమెకు అది కూడా వినిపించలేదు పాపం.

గాలి వచ్చింది, వెళ్లింది. గడ్డి లేచి నిలబడింది. సుహాసిని మళ్లీ కన్ను ఆనించింది. చివరి తూటా ఎప్పుడు పేలిందో ఆమెకే తెలియలేదు. గడ్డిని చూస్తూ, చూస్తూ, నొక్కుతూ ఉంది, ధన్ మంది.

ఖాజా పెద్ద దుర్భిణిలోంచి చూసి, గడ్డం నిమురుకుని, మళ్లీ చూశాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడని అందరూ అనుకున్నారు. చివరికి, "మధ్యలనే ఉంది. గీసారి నేను కలిపి చెప్పాల్సింది ఏం లేదు" అన్నాడు. పెద్దమనిషి కూడా వచ్చి చూసి, లెక్క చూసుకుని, సుహాసిని పేరు చదివాడు. తేడా చాలా తక్కువ. తక్కువైనా చోటు ఒక్కటే, అది ఆమెదే.

యాదవ్వ చెవుల మూతలు తీసేసి, ఆ పేరు ఇంకోసారి చదవమంది. చదివించుకుంది. మూడోసారి కూడా చదివించుకునేదే గానీ సుహాసిని చెయ్యి పట్టి లాగింది.

విజయ్‌కుమార్ దగ్గరికి వచ్చాడు. కుడిచెయ్యి ఎత్తి దండం పెట్టబోయి, ఎత్తలేక ఎడమచేత్తో పెట్టాడు. కాలరు పక్కకు జరిగితే భుజం వంకాయ రంగులో ఉంది.

"అయ్యో, ఇంత దెబ్బ పెట్టుకొని నవ్వుకుంట తిరిగినవా?" అంది సుహాసిని.

"నవ్వితే నొస్తలేదు వదినా, చెయ్యి లేపితేనే నొస్తాంది. జర నా బండి నువ్వు నడుపు. నేను ఎక్సలేటర్ తిప్పలేను."

అలా ముందు సుహాసిని, మధ్యలో యాదవ్వ, వెనక విజయ్‌కుమార్, ముగ్గురూ ఒకే మోటార్ సైకిల్ మీద ఊళ్లోకి బయల్దేరారు. దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నో. ప్రతి స్పీడ్ బ్రేకర్ రాకముందే విజయ్‌కుమార్ భుజం బిగబట్టి, కళ్లు మూసుకుని, "అబ్బా" అనేవాడు. బండి ఎక్కి దిగినప్పుడు ఇంకోసారి "అబ్బా" అనేవాడు.

"ఒక్కదానికి రెండుసార్లు ఎందుకు ఒర్లుతవ్ బిడ్డా?" అంది యాదవ్వ.

"ముంగట కనవడ్తాంది గద పెద్దమ్మా!"

"కండ్లు తెరువు మరిదీ. రోడ్డు చూడకు, ఆ పక్కన దుకాణాలు చూడు" అంది సుహాసిని. "ఒళ్లు వదులు."

అతను చీరల దుకాణం బోర్డు వైపు చూశాడు. ఆమె ఏమీ చెప్పకుండా బండిని స్పీడ్ బ్రేకర్ మీదికి ఎక్కించి దించింది.

"ఏది వదినా, ఇంకా రాలేదేంది?" అన్నాడు విజయ్‌కుమార్.